ఎడమ తలుపు

మునిరామయ్యకు ఎడమచెవి వినపడదు. చిన్నప్పుడు వచ్చిన గవదబిళ్ళలు తగ్గిపోతూ పోతూ ఆ చెవిని కూడా పట్టుకుపోయాయి. అలాంటి మనిషి తిరుపతిలో లారీలకూ జీపులకూ క్యాసెట్ సెట్లు బిగించే పని పెట్టుకున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వినవాళ్ళే మళ్ళీ అతని షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పని అయ్యాక అతను డ్రైవరు సీట్లో కూర్చుని ముందు కుడి స్పీకరు వినేవాడు. తర్వాత సీటుమీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి, మంచి చెవిని ఎడమవైపు పెట్టి రెండోది వినేవాడు. అది చూసి, “ఏందప్పా, బండి ఎనక్కి తోల్తావా?” అని దారిన పోయేవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ చెడిపోయిన చెవికి కూడా ఒక ఉపయోగం కనిపెట్టింది అతని భార్య తాయమ్మ. నగరి పిల్ల, మొహమాటం ఎక్కువ. ఎదురుగా నిలబడి అడగలేనివన్నీ రాత్రి పడుకున్నాక ఆ చెవిలో చెప్పుకునేది. ఆడపడుచు అన్న మాట, గోడమీద అతను ఉమ్మిన వక్కాకు మరక, పుట్టింటికి పోవాలన్న కోరిక, అన్నీ అక్కడే దిగబోసేది. అతనికి వెచ్చటి ఊపిరి తగిలేదే తప్ప ముక్క వినిపించేది కాదు. అయినా ఊరుకోకుండా “ఊ, సూస్తాంలే” అనేవాడు.

“నేనేం సెప్పినానో తెలిసేనా ఊ కొడతా ఉండావు?” అని ఆమె కుడిచెవి దగ్గరికి వచ్చి అడిగేది.

“తెలిస్తే ఊ కొడతానా మే?” అనేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు. పిల్లలు లేని ఇంట్లో వాళ్ళ సరసం అదే.

తాయమ్మ పోయి రెండేళ్ళయింది. రొమ్ములో గడ్డ. బయటపడేసరికే చెయ్యి దాటిపోయిందని డాక్టర్లు చేతులెత్తేశారు. దినాలకు వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న వేశారు, మొగుడికి కూడా ఒక్కమాట చెప్పలేదా అని. చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే మునిరామయ్యను లోపల్లోపల తినేసింది. చచ్చిపోయిన మనిషిమీద కోపం పెట్టుకుని బతకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. రోజూ పొద్దున ఆమె పటం ముందు నిలబడి, “నేనేమన్నా పరాయోణ్ణా తాయీ? ఎందుకు సెప్పలేదు?” అని అడిగి మరీ షెడ్డుకు పోయేవాడు. అతనికి ఇంకేమీ అక్కర్లేదు. దానికి జవాబొక్కటి దొరికితే చాలు.

ఎనభైనాలుగు ఎండాకాలంలో నగరి నుంచి సుల్తాన్ అనే అతను ఒక పాత పికప్ బండి తోలుకొచ్చాడు. అది పులికాట్ వైపు ఏళ్ళతరబడి రొయ్యలు మోసి మోసి అలిసిపోయిన బండి. ఎంత కడిగినా నీచువాసన వదల్లేదు. లుంగీల బేళ్ళు మద్రాసుకు వేయడానికి సుల్తాన్ దాన్ని కొన్నాడు.

“స్టీరింగు పట్టుకుంటే నిద్ర ముంచుకొస్తా ఉండాది మునిరామన్నా. పెద్ద స్పీకర్లు బిగించు. తలుపులు అదిరిపోవల్ల,” అని చెప్పి బండి వదిలేసి పోయాడు.

తీగలు ఎటునుంచి లాగాలో చూద్దామని మునిరామయ్య డ్రైవరు సీట్లో కూర్చుని రెండు తలుపులూ వేసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. బయట బస్సుల రొద. ఉన్నట్టుండి ఎడమచెవికి వెచ్చటి ఊపిరి తగిలింది.

వేడిగాలి అనుకుని చేత్తో తుడుచుకున్నాడు. మళ్ళీ తగిలింది. ఆ వెంటనే ఆ చెవిలో ఎవరో గొణిగారు. ఊహ తెలిసినప్పటినుంచీ మూసుకుపోయిన చెవి. పక్కసీటు ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి మోకాళ్ళేసుకుని మంచి చెవి అటు పెట్టాడు. ఏమీ లేదు. మామూలుగా కూర్చుని కుడిచెవిలో వేలు పెట్టుకుంటే మాటలు స్పష్టంగా వినిపించాయి.

“...గోడంతా ఎర్రగా సేసి పెట్టినావు గదా. నేను గాబట్టి కడగతా ఉండా.”

అది తాయమ్మ గొంతు.

కిందికి దూకేశాడు. షెడ్డు గుంజను పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. తర్వాత భయం భయంగానే మళ్ళీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఆమె చెప్పుకుపోతూనే ఉంది. ఆడపడుచు మాట, పుట్టింటి తిరణాల, అతని గురక. ఇన్నేళ్ళూ తనకు అందకుండా పోయిన గొణుగుడంతా వరస తప్పకుండా వస్తోంది. అతను నవ్వాడు, ఏడ్చాడు. వరస ఇట్లాగే సాగితే ఆ చివరి ఏడాది కూడా వస్తుందని తోచి, కదలకుండా కూర్చుండిపోయాడు.

సాయంత్రం సుల్తాన్ వస్తే తీగ కాలిపోయిందని అబద్ధం చెప్పాడు. మర్నాడు బతిమాలినట్టు అన్నాడు సుల్తాన్. “ఈరోజు లోడు ఎత్తల్లన్నా. నేను కొండకిందికి పోయొస్తా, వచ్చేలోపల ముగించెయ్.”

పని తప్పించుకోవడం మునిరామయ్యకు చేతకాదు. డాష్‌బోర్డులో సెట్టు కూర్చోబెట్టాడు. కుడి తలుపు రేకు కోసి స్పీకరు బిగించాడు. ఇక మిగిలింది ఎడమ తలుపు. దానిమీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, సీటుమీద కూర్చునే చెయ్యి చాచి డ్రిల్లు మొన రేకుకు ఆనించాడు. చెవిలో మాట మధ్యలో తెగిపోయింది. తీశాడు. తెగినచోటు నుంచే మళ్ళీ మొదలైంది. ఇంకోసారి ఆనించాడు. ఆగిపోయింది.

ఈ రేకు కోస్తే ఆమె ఉండదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. డ్రిల్లు కింద పారేసి తలుపులు బిగించుకున్నాడు. లోపల పొయ్యిలో కూర్చున్నట్టుంది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

గొంతు మారింది. మెల్లగా, ఆగి ఆగి వస్తోంది.

“ఏమయ్యో. రొమ్ములో గడ్డమాదిరి సేతికి తగలతా ఉండాది. నీ మొగం సూసి సెప్పేదానికి సిగ్గయితాది. ఆడోళ్ళ ఆస్పత్రికి పోదామా?”

చెప్పింది. నోరు తెరిచి చెప్పింది. రెండేళ్ళు పటం ముందు నిలబడి అడిగినదానికి జవాబు ఇదేనా అనుకునేలోపల, అదే చెవిలో ఇంకో గొంతు వినబడింది. నిద్రమత్తులో, నవ్వుతూ, మగగొంతు.

“ఊ, సూస్తాంలే.”

అది తన గొంతే.

“నొప్పి పెరిగిపోయిందయ్యా. ఎప్పుడు పోదాం?” ఇంకో రాత్రి కాబోలు.

“సూస్తాంలే.”

అతను రెండు చేతులతో ఎడమచెవి గట్టిగా మూసుకున్నాడు. ఏం లాభం, మాట లోపలే ఉంది. స్పీకరు సరిగ్గా పలుకుతుందో లేదోనని ఊరు నవ్వుతున్నా వెనక్కి తిరిగి కూర్చునేవాడు గానీ, పక్కలో పెళ్ళాం గొణుగుతుంటే ఒక్కనాడన్నా తల తిప్పి కుడిచెవి పెట్టలేదు. ఆమె మాత్రం అతని ఊకొట్టుడును ఏమనుకుందో. ఆట అనుకుందో, ఏదో ఒక నమ్మకం పెట్టుకుని ఎదురుచూసిందో.

“ఏమయ్యో, నిద్రపోతివా?” ఊపిరి మళ్ళీ తగిలింది. ఈసారి మరీ నీరసంగా. “ఇంక తాళలేను. రేపన్నా పోదామా?”

ఆ తర్వాత చెవిలో నిశ్శబ్దం. ఆ పాత గొంతు జవాబు చెప్పబోయే ముందు ఉండే రవంత సందు అది. మునిరామయ్య ఆ సందులో దూరిపోయాడు.

“రేపేందమే! ఇప్పుడే పోదాం. గట్టిగా పట్టుకుని కూర్చో,” అని కేకేసి బండి తాళంచెవి తిప్పాడు.

సుల్తాన్ తిరిగొచ్చేసరికి షెడ్డులో బండి లేదు. డ్రిల్లు నేలమీద పడి ఉంది. బండి ఆడవాళ్ళ ఆస్పత్రి దిక్కుగా పోయిందని టీ అంగడివాళ్ళు చెప్పారు. లోడు పోతుందన్న కోపంతో ఊగిపోతూ రిక్షా ఎక్కి అక్కడికి పోయాడు. గేటుకు అడ్డంగా నిలబడి ఉంది పికప్. వెనకాల ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మునిరామయ్య ఎడమ తలుపు బార్లా తీసి పట్టుకుని, ఒక చెయ్యి లోపలికి చాచి నిలబడి ఉన్నాడు.

“ఏం పనన్నా ఇది?” అని అరవబోయి, చాచిన ఆ చేతిని చూసి సీట్లోకి తొంగిచూశాడు సుల్తాన్. ఎవరి బరువో మోస్తున్నట్టు ఆ చెయ్యి కిందికి వంగి ఉంది. సీట్లో ఎవరూ లేరు.

ఆస్పత్రి ఆయా విసుక్కుంటూ బయటికొచ్చింది. “దారికి అడ్డం తియ్యప్పా! యాడుండారు పేషెంటు?”

“దిగతా ఉండాది. పాపం, కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టుకుపోయుంటాయి. రోంత ఆగమ్మా,” అన్నాడు మునిరామయ్య.