బాబా నేర్పిన నిదానం

మా కోడలు కొత్తగా కొన్న టీ జల్లెడ ఉత్త దండగ. సగం ఆకు గ్లాసులోకే దిగుతుంది. "ఏమ్మా, నాకు టీ పోసినావా, బర్రెకు కుడితి పెట్టినావా?" అని గొణుగుతుండగా కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ నేను పనిచేసిన ఇంట్లో ఇప్పటికీ వంట చేస్తున్న రాయచోటి ఆయన. "అన్నా, బాబా పోయినాడు" అన్నాడు. ఆ తర్వాత టీ ఎలా ఉందో నాకు తెలియదు.

బాబా అంటే మా యజమాని. ఇళ్ళలో పనికి పోయిన మనవాళ్ళంతా ఇంటి పెద్దను అలాగే పిలుస్తారు. నేను ఆ ఇంటి డ్రైవర్ని. పీలేరు మనిషిని, బడి మధ్యలోనే మానినవాణ్ణి, హారన్ మీద నుంచి చెయ్యి తీయకపోవడమే డ్రైవింగ్ అనుకున్నవాణ్ణి. నేను హారన్ కొట్టబోతే బాబా వెనక సీట్లోంచి భుజం తట్టి "ష్వయ్ ష్వయ్" అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. సిగ్నల్ పడితే చాలు, "మీ ఆవు ఈనిందా?" అని అడిగేవాడు. ఆ ఆవును ఎప్పుడో అమ్మేశాం. ఆయన సంతోషం కోసం దాన్ని ఏటా రెండుసార్లు ఈనించాను.

ఆ ఇంట్లో ఎవరొచ్చినా చిన్న చిన్న కప్పుల్లో కాఫీ పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే మళ్ళీ పోస్తారు. ఇది తెలియక, వద్దంటే తప్పేమోనని, మొదట్లో కడుపు ఉబ్బేదాకా తాగాను.

ఒక మధ్యాహ్నం మా పెద్దోడు ఫోన్ చేశాడు. "నాయనా, అమ్మకు కడుపులో పేగు పగిలిందంట. తిరుపతి పెద్దాసుపత్రికి తెచ్చినాం. ఆపరేషనంటాండారు. నువ్వు బయల్దేరు."

కారు తాళాలు పట్టుకుని బాబా దగ్గరికి పరిగెత్తాను. నా పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. అంతా విని, కొడుకును పిలిచి చెవిలో ఏదో చెప్పి పంపాడు. నాతో "కూర్చో" అన్నాడు. కాఫీ పోశాడు. ఒక్క గుక్కలో తాగి కప్పు చేతికిచ్చాను. మళ్ళీ పోశాడు. తాగిచ్చాను. మళ్ళీ పోశాడు. ఊపాలన్న సంగతి గుర్తుంటే కదా!

"బాబా, ఆడ నా పెండ్లాం సచ్చిపోతాంది!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను.

ఆయన నా మణికట్టు పట్టుకుని నాకే చూపించాడు. కాఫీ వేళ్ళ మీదుగా ఒలికిపోతోంది. "ఈ చేత్తో బండి నడిపితే మీ ఇంటికి నీ శవపెట్టె చేరుతుంది, నువ్వు చేరవు" అని తాళాలు లాక్కున్నాడు. అప్పటికి కొడుకు టికెట్టూ పాస్‌పోర్టూ తెచ్చాడు.

డ్రైవర్ సీట్లో బాబా, పక్కన నేను. రోడ్డు మీది బండ్లన్నీ మమ్మల్ని దాటిపోయాయి. హారన్ మోగలేదు. నేను పళ్ళు బిగబట్టి కూర్చుంటే, ఆయన మా ఆవిడ పేరు అడిగి, సరిగ్గా పలకడం వచ్చేదాకా దారంతా నాచేత చెప్పించుకున్నాడు. చెబుతూ చెబుతూ ఉంటే నా చెయ్యి కుదురుకుంది. విమానం అందింది.

చెన్నైలో దిగి పుత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. మా ఆవిడ కళ్ళు తెరిచి, "అంత దూరం నుంచి వచ్చినావు, నోట్లో ఏమన్నా ఏసుకున్నావా?" అంది.

"కాఫీ తాగినా" అన్నాను.

పక్కనే కూర్చుని, సీసాలోంచి గ్లూకోజు చుక్కచుక్కగా దిగడం చూశాను. దాన్ని తొందరపెట్టాలని నాకనిపించలేదు.

నేను తిరిగి పోయేటప్పుడు ఆమె బాబాకని మామిడికాయ ఊరగాయ డబ్బా కట్టిచ్చింది. ఇక్కడొకటి ఒప్పుకోవాలి. నేనది "మా ఊరి మామిడి హల్వా" అని చెప్పి, పెద్ద గరిటె చేతికిచ్చాను. ఆయన నిండుగా తీసి నోట్లో పెట్టుకున్నాడు. ముఖం కందిపోయింది. ఉమ్మలేదు, నీళ్ళ కోసం లేవలేదు. మెల్లగా నమిలాడు, మెల్లగా మింగాడు.

"నీ ఊరగాయ తిని బాబా కండ్లనీళ్ళు పెట్టుకున్నాడే" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అభిమానం కొద్దీ ఏడ్చాడనుకుంది. ఇప్పటికీ అదే నమ్మకం. బాబా పోయాడని తెలిసినప్పటి నుంచి, "నా ఊరగాయకు కండ్లనీళ్ళు పెట్టుకున్న మారాజు" అంటూ వంటింటి గడపలో కూర్చుని ఏడుస్తోంది. ఆమెకు నిజం చెప్పలేదు. మీరూ చెప్పకండి. నాకు మాత్రం తెల్లగడ్డం మీది కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఇంకో గరిటెడు కోసం డబ్బా దగ్గరికి లాక్కుంటున్న బాబాయే కనిపిస్తున్నాడు.