సీసాలో పెరిగిన నీళ్లు

మా పెద్దనాన్న లింగమూర్తికి అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా లారీ తోలేవాడు. దుకాణంలో తూకపురాళ్లను తిప్పి చూసేవాడు. పెళ్లిచూపుల్లో మా పెద్దమ్మను రెండుసార్లు నడిపించి చూశాడట. "మనిషిని నమ్మితే మునుగుతం, కండ్లను నమ్మాలె" అనేవాడు. ఆ కళ్లే ఆయన్ని ముంచాయి.

అప్పట్లో లారీలూ పెట్రోలుతోనే నడిచేవి. ఆ పెట్రోలు దగ్గర ఈ జబ్బు మరీ ముదిరేది. సీసాలో సగం నీళ్లు పోసి, ఆ మట్టానికి దారం కట్టి, పైన పెట్రోలు పోసి గిలకొట్టేవాడు. కాసేపటికి పెట్రోలు పైకి తేలి నీళ్లు అడుగుకు దిగేవి. నీళ్లు దారం దగ్గరే ఆగితే సరుకు మంచిది, దాటితే అందులో నీళ్లు కలిపారన్నమాట. పదేళ్లలో ఆ సీసా ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

1951 ఎండాకాలంలో జగిత్యాల బంకు దగ్గర నీళ్లు దారానికి వేలి మందం పైకి ఎక్కాయి. అక్కడ పంపు తిప్పేది అజీముద్దీన్. పదిహేనేళ్ల స్నేహితుడు.

"గిదేంది అజీం భాయ్, నీళ్లు అమ్ముతున్నవా?"

"అల్లా కసం, మూర్తీ! డ్రమ్ము సీలు నేనే ఇప్పిన. ఒక్క సుక్క గూడ కలపలే."

మరో రెండుసార్లు చూశాడు. మళ్లీ అంతే. మూడోసారి సీసా ఎత్తిపట్టుకుని బజారంతా తిరిగి చూపించాడు. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి మూడేళ్లు కావస్తున్నా సాయిబు మాటకు బజార్లో విలువ లేని రోజులవి. మా పెద్దనాన్నకు ఆ సంగతి తెలియదా? తెలుసు. అయినా ఆగలేదు. బంకు యజమాని రాజం ఆ సాయంత్రమే అజీముద్దీన్‌ను పనిలోంచి తీసేశాడు.

నెల తర్వాత నిజామాబాద్ దిక్కు కిరాయికి పోయినప్పుడు, అక్కడి పెట్రోలు డిపోలోనూ సీసా తీశాడు. నీళ్లు దారం దాటాయి! ఇక్కడా దొంగలేనని ఎగిరిపడ్డాడు. డిపో గుమాస్తా పగలబడి నవ్వాడు.

"సర్కారు హుకుమయ్యా! చెరుకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ పెట్రోల్ల కలపాలె. నువ్వు నీళ్లు పోస్తే ఆ స్పిరిట్ పెట్రోల్ను ఇడిసి నీళ్లల్ల కలుస్తది. గందుకే మట్టం పెరుగుతది."

"సారా తాగి లారీ నడుస్తదా? నా చెవుల్ల పువ్వు పెట్టకు."

గుమాస్తా ఆయన కళ్ల ముందే ఉత్త పెట్రోలు పోసి చూపించాడు. నీళ్లు దారం దగ్గరే ఆగాయి. అందులో స్పిరిట్ కలిపి చూపించాడు. నీళ్లు పైకి ఎక్కాయి. పెద్దనాన్న తన సీసా తీసుకుని లారీ ఎక్కాడు. "మనం కుండెడు సారా కాస్తే జైలు, సర్కారు కాస్తే పెట్రోలు. కలిపెటోళ్లు ఓ ముక్క చెప్పొద్దా?" అని దారి పొడుగునా తిట్టుకున్నాడు. సర్కారు చెప్పకపోవడం తప్పే. కానీ బజారంతా తిరిగి అరిచింది సర్కారు కాదు కదా.

జగిత్యాలకు వచ్చీ రాగానే బంకు ముందు నిలబడి, నలుగురినీ పిలిచి, తప్పు తనదేనని చెప్పాడు. కలిపింది సర్కారేనని, అజీముద్దీన్ నిజాయితీపరుడని గొంతు చించుకున్నాడు.

"సాయిబు ఇంట్ల దావత్ గట్టిగనే అయినట్టున్నది!" అన్నాడెవడో. అందరూ గొల్లున నవ్వారు.

రాజం సీదాగా చెప్పాడు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు మూర్తీ. కానీ ఒక్కసారి జనం నోట్ల పడ్డంక, ఆయన్ను మల్ల పెట్టుకుంటే నా బంకుకు ఎవడస్తడు?"

అజీముద్దీన్ బొగ్గు గనుల్లో పని వెతుక్కుంటూ మంచిర్యాల దిక్కు బయలుదేరాడు. సామాను తన లారీలోనే వేసుకుపోతానని పెద్దనాన్న పట్టుబట్టాడు. అజీముద్దీన్ భార్య బిల్కీస్ ముందు సీటు వద్దని వెనక సామాను మీదే కూర్చుంది. సామాను దించాక పెద్దనాన్న ఉండబట్టలేకపోయాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన, అజీం భాయ్. ఒక్కడు గూడ నమ్మలే."

అజీముద్దీన్ చేతిలోని మూటను కింద పెట్టాడు.

"నేను గూడ ఉన్నదే చెప్పిన గద, మూర్తీ. నువ్వు నమ్మినవా?"