మా అత్త మోకాళ్ళకు ఆయుధపూజ

ముందుగా ఒట్టు వేస్తున్నాను. ఇందులో రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. హోసూరు బజారులో నా నోటికి ఉన్న పేరు నాకు తెలియనిది కాదు. కృష్ణగిరి మండీలో పసిబిడ్డంత మామిడికాయ చూశానని నేను ఎప్పుడో అన్న మాటను ఇప్పటికీ నా ముఖం మీదే ఎత్తిపొడుస్తారు. తళి చలిలో నాతో పాటు నా నీడ కూడా వణికిందన్నది కూడా నా ఖాతాలోనే ఉంది. అవన్నీ పక్కన పెట్టండి. ఇది మా మేనత్త సంగతి. ఆమె గురించి అబద్ధం రాస్తే, నాకు యాభై దాటాయన్నది కూడా చూడకుండా చెవి మెలిపెడుతుంది. కాబట్టి నిజమే రాస్తున్నాను. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు, నేను మాత్రం ఆపను.

ఈ పొద్దున లాప్‌టాప్ తెరవగానే, చోటు చాలడం లేదు, చాలాకాలంగా ముట్టని ఆట ఒకటి బోలెడంత స్థలం తింటోంది, తీసెయ్యమంటారా అని అడిగింది. వద్దని నొక్కాను. కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. కావాలంటే మా పిల్ల పెళ్ళి ఫొటోలు తీసెయ్యి, దాని జోలికి మాత్రం రాకు అని పైకే అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. అప్పుడు మొదలైంది ఈ జ్ఞాపకం.

ఆ ఆట నాకు అంటించింది మా మేడమీద అద్దెకుండే గుంటూరు పిల్ల. ఫ్యాక్టరీ ఉద్యోగాలకని ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు మా వీధిలో ఇంటికొకరున్నారు. ఈమె కంప్యూటరు మీద యంత్రభాగాలు గీస్తుంది, ఆదివారాలు ఇలాంటి ఆటలాడుతుంది. ఆటలో కథ ఏమిటంటే, ఎప్పుడో రాబోయే కాలంలో ఒక పూజారుల తెగ ఉంటుంది. వాళ్ళకు యంత్రమే దేవుడు. భూమి కింద కూరుకుపోయిన పాత కార్ఖానాల్లోకి దిగి, చచ్చిపడున్న యంత్రాలకు ధూపం వేసి, మంత్రాలు చదివి మేల్కొలపడం వాళ్ళ వ్రతం. అడ్డమొచ్చే ఇనుప కాపలావాళ్ళతో యుద్ధం. ఆ పూజారులు కూడా సగం మనుషులు, సగం యంత్రాలు. ఉన్న చెయ్యి తీసేసి ఉక్కు చెయ్యి, ఉన్న కన్ను తీసేసి గాజు కన్ను కోరి పెట్టించుకుంటారు. ఒంట్లో ఎంత ఇనుముంటే అంత పెద్ద హోదా. ఆట చదరంగం మాదిరి వంతులవారీగా నడుస్తుంది. మన మనుషుల్ని గడుల మీద జరిపి మన వంతు ముగించేదాకా అవతలివాడు ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే పట్టుకుని నిలబడతాడు. నా వయసువాడికి అంత మర్యాద తెలిసిన శత్రువు ఇంకెక్కడా దొరకడు.

మా అత్తకు బజారులో కొట్టు ఉంది. బేరింగులు, బెల్టులు, పంపుసెట్టు సామాన్లు అమ్ముతుంది. వెనక షెడ్డులో ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను. తళి వైపు పూలతోటల వాళ్ళకు మోటారు ఆగిపోతే దేవుడికంటే ముందు ఆమె గుర్తొస్తుంది. మామ పోయిన తర్వాత గల్లాపెట్టె ముందరి కుర్చీలో ఆమె కూర్చుంది. విధవరాలు బజారులో కూర్చోవడమేమిటని అన్నవాళ్ళు అన్నారు. అన్నవాళ్ళకు కూడా బెల్టు తెగితే ఆమె దగ్గరికే రావలసి వచ్చింది కాబట్టి ఆ మాట ఎక్కువకాలం నిలబడలేదు. అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. బెంగళూరులో రెండూ మార్పించాం. ఆ ఏడే గుండె తడబడుతోందని ఛాతీలో పేస్‌మేకర్ కూడా పెట్టారు. కోలుకోవడానికి మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె హాల్లో నడుస్తుంటే ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మలు తల తిప్పి చూసేవని వీధిలో చెప్పాను. అది ఒట్టు వేయకముందు చెప్పింది కాబట్టి లెక్కలోకి రాదు.

ఒక ఆదివారం మేడమీది పిల్లా నేనూ టీవీకి లాప్‌టాప్ తగిలించి ఆడుతుంటే అత్త వాకర్ పట్టుకుని వచ్చి వెనక నిలబడింది. తెరమీద ఒక ఇనుప చేతుల పూజారి పాత యంత్రం ముందు సాంబ్రాణి తిప్పుతున్నాడు. పెద్దావిడ ఏమనుకుంటుందోనని ఆ పిల్ల కంగారుపడి, ఇదంతా ఉత్త కల్పన అమ్మా, ఎక్కడా జరిగేది కాదు అని సంజాయిషీ చెప్పుకుంది.

"దీంట్లో కల్పనేముంది తల్లీ?" అంది అత్త. "మా కొట్లో ఏటా చేసేదే కదా. వీళ్ళు నిమ్మకాయ పెట్టేది మరిచిపోయినట్టుండారు."

ఆ తర్వాత వాళ్ళ ఒంట్లోని ఇనుము గురించి అడిగింది. ఎవరికి ఏ భాగం మార్చారు, మార్చినాక బాగా నడుస్తున్నారా, పథ్యం ఏమైనా ఉందా అని. ఇనుము ఎక్కువున్నవాడే పెద్ద పూజారి అని ఆ పిల్ల చెప్పింది. అత్త సోఫాలో మెల్లగా కూర్చుని, "ఆడ పుట్టింటే నేను మఠాధిపతిని. ఈడ పుట్టినాను, ఓ మూల కూర్చోమంటాండారు" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే మూల కూర్చోమంటున్న మనిషి ఎవరో నాకు తెలుసు. మామ తమ్ముడు, నేను చిన్నమామ అని పిలిచే ఆయన, కృష్ణగిరిలో మామిడి వ్యాపారి. చెడ్డవాడు కాడు. అత్త ఆస్పత్రిలో ఉన్నన్ని నెలలూ రోజూ బస్సెక్కి హోసూరు వచ్చి కొట్టు తెరిచింది ఆయనే, ఆస్పత్రిలో సంతకాలు పెట్టింది ఆయనే. ఆ రాకపోకల్లో గల్లా ముందరి కుర్చీ ఆయన ఒంటికి అలవాటైపోయింది. ఇంకో విషయం, దైవభయం ఆయనకు కాస్త ఎక్కువ. ఆయుధపూజ నాడు తరాజుకు, టార్చిలైటుకు, చివరికి స్టేప్లరుకు కూడా బొట్టు పెడతాడు. ఒక ఏడు మండీలో తూకం మిషనుకు బొట్టు మరిచిపోయాడట. ఆ ఏడు వడగళ్ళు పడి జిల్లా మొత్తం పూత రాలితే ఆ పాపం తనదేనని నేటికీ నమ్ముతాడు.

అత్త ఆట నేర్చుకుంది. మొదట నేను జరిపి పెట్టేవాణ్ణి, తర్వాత మౌసు లాక్కుంది. శత్రువు ముందుకు దూకబోతున్నప్పుడు లేచి వెళ్ళి పాలు పొంగకుండా దించి వచ్చేది. "ఉండప్పా, వస్తాండా" అని ఇనుప రాక్షసుడికి చెప్పి మరీ వెళ్ళేది. ఆమె పద్ధతి చూస్తే మేడమీది పిల్లకు ప్రాణం పోయేది. దాడి చెయ్యదు. సందు ఉన్నచోట తన పూజారిని తెచ్చి నిలబెడుతుంది, ఇంక కదలదు. కొట్టండమ్మా అని ఆ పిల్ల బతిమాలితే, వాళ్ళు ఈ గడి దాటకుండా యాడికి పోతారు, వాళ్ళనే రానీ అనేది. బేరంలో ముందు నోరు తెరిచినవాడు నష్టపోతాడని బజారులో నేర్చుకున్న విద్య అది. చూస్తూ చూస్తూ ఉండగానే మేము ఏడుసార్లు చచ్చిన కార్ఖానాలో ఆమె ఒక్క మనిషినీ పోగొట్టుకోకుండా యంత్రాన్ని లేపింది.

మహాలయ అమావాస్యకు ముందు చిన్నమామ పండ్లు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. కుశలం అడిగాడు. బజారు సంగతులు చెప్పాడు. చెప్పి చెప్పి అసలు మాటకు వచ్చాడు.

"వదినా, పడినంత కష్టం పడినావు. ఇంక సుఖంగా కూర్చో. ఈ తూరి ఆయుధపూజ నేను చేస్తాను. తాళాలు ఆ దినమే ఇచ్చేస్తే మంచిదని అయ్యవారు చెప్పినాడు."

మా బజారు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయుధపూజ నాడు కొట్లో హారతి ఎవరు ఇస్తే కొట్టు వాళ్ళది. కాగితం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. బొరుగులు, బెల్లం తినడానికి వచ్చిన చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా చూస్తారు, మరునాటి నుంచి ఆ మనిషితోనే బేరం. అంటే చిన్నమామ అడిగింది హారతి పళ్ళెం కాదు, కుర్చీ. అది పోతే అత్తకు ఉన్న చోటు మా ఇంట్లోని సోఫానే. అత్త తెరమీంచి చూపు తిప్పకుండా, "చూద్దామప్పా" అంది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండి, అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నావని అరిచాను.

"ఒప్పుకున్నానని ఎవురు చెప్పినారురా నీకు? వాని వంతు ఇంకా కాలేదు. కానియ్యి" అంది.

పూజ పొద్దున షట్టరుకు రెండు పక్కలా అరటిపిలకలు కట్టారు, లోపలంతా కడిగి ముగ్గులు పెట్టారు. లేత్‌కు, డ్రిల్లింగ్ మిషనుకు గంధం, కుంకుమ, బంతిపూల దండలు. తరాజు, స్పానర్లు, కత్తెర అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నమామ పట్టుపంచె కట్టుకుని ఒక్కొక్కదానికి బొట్టు పెడుతున్నాడు. బజారు సగం అక్కడే ఉంది. అత్తను ఆటోలో నేనే తెచ్చాను. వాకర్ ఆటోలోనే వదిలేసి మెట్టెక్కింది. ఎవరినీ పలకరించలేదు. వరస పక్కనుంచి నడిచి, వరస చివర ఉన్న గల్లాపెట్టె ముందరి కుర్చీలో కూర్చుంది. కొంగు సర్దుకుంది. చిన్నమామ గల్లాపెట్టెకు బొట్టు పెట్టి హారతి పళ్ళెం అందుకోబోయాడు.

"ఏమప్పా, అన్నిటికీ పెట్టినావు, దీనికి పెట్టవా?"

"దేనికి వదినా?"

"ఈ రెండు మోకాళ్ళకీ, ఈ గుండెలో మిషనుకీ. కంపెనీ సామాన్లే. సంతకం పెట్టి తెచ్చింది నీవే కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నమామ నవ్వలేదు. ఆయన ముఖంలో వడగళ్ళు పడుతున్నాయి. పక్క కొట్టు అరవాయన గొంతు సవరించుకుని, ఆ అమ్మ చెప్పింది సరిగ్గానే ఉంది, ఒక్క మిషను వదిలినా దోషమే కదా అన్నాడు. విధవరాలికి కుంకుమ పెట్టకూడదని శాస్త్రం చెప్పేవాళ్ళు మా బజారులో చాలామంది ఉన్నారు. మిషనుకు పెట్టకూడదని చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. మామ పోయినప్పటి నుంచి కుంకుమభరిణె ఆమె దగ్గరకు వచ్చి ఎరగదు. ఆ పొద్దున అది ఆమె ముందుకు వచ్చి వంగింది. చిన్నమామ గంధంలో, కుంకుమలో వేలు ముంచి, చీరమీదే, ఈ మోకాలికొక బొట్టు, ఆ మోకాలికొక బొట్టు పెట్టాడు. గుండెలో మిషనుకు మాత్రం ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. అత్త తల వంచి నుదురు చూపించింది. పెట్టాడు. వరసలో అన్నిటితో పాటు ఆమెకూ హారతి ఇచ్చాడు.

హారతి అయ్యాక తాళాల కోసం చెయ్యి చాపాడు. షట్టరు మారు తాళం ఆయన దగ్గరున్నా, అసలు గుత్తి ఆమె నడుముకే ఉంది.

"పూజలో కూర్చున్నదాన్ని రేపటి దాకా కదిలించకూడదు కదప్పా" అంది అత్త. "ఈ దినం ఈ చేయి పని చెయ్యదు. రేపు ఏ మిషను యాడుండేదో ఆడనే మొదలు పెట్టాల. నీకు తెలియని శాస్త్రమా?"

హారతి ఇచ్చింది ఆయనే, కానీ ఆ హారతి అందుకున్న మిషనును కుర్చీలోంచి ఇంక ఆయన లేపలేడని బజారుకంతా అర్థమైంది. అప్పుడు చిన్నమామ పళ్ళెం దించి, బజారంతా చూస్తుండగా పెద్దగా నవ్వి, ఓడిపోయినాను వదినా అన్నాడు. అందరూ నవ్వారు. బొరుగులు పంచారు. సాయంత్రం అత్తను ఆటో ఎక్కిస్తూ, పూజలో పెట్టిన మిషను కదలకూడదు కదా అని అడిగాను. ఇది ఇంటికి తీసుకుపోయే రకం రా అంది. మరునాడు పొద్దున్నే వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంది. ఈ రోజు కూడా అక్కడే ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి.

ఇక ఒప్పుకోలు. ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. మోకాళ్ళు నిజం, కుంకుమ నిజం, ఆమె అన్న ప్రతి మాటా నిజం. నేను కల్పించింది చిన్నమామ నవ్వు ఒక్కటే. ఆయన నవ్వలేదు, ఓడిపోయానని అనలేదు. పళ్ళెం నేలమీద పెట్టి, బొరుగులు కూడా ముట్టకుండా, పట్టుపంచెతోనే నడిచిపోయి కృష్ణగిరి బస్సెక్కాడు. ఆ తర్వాత కొట్టు గడప తొక్కలేదు. మామిడికాయల కాలంలో గంప రావడం ఆగిపోయింది. అన్ని నెలలు మన కొట్టు మోసిన మనిషి కదా, ఒక మాట పిలవరాదా అని అత్తతో అన్నాను. "వస్తే కాఫీ ఇస్తాను. కుర్చీ ఇయ్యను" అంది. ఆయన ఇది చదువుతాడని, చదివి ఆ నవ్వు తనదేనని ఒప్పుకుంటాడని నా దురాశ.

మొన్న పేస్‌మేకర్ చూపించడానికి బెంగళూరు తీసుకెళ్ళాను. బ్యాటరీ ఇంకా ఎన్నేళ్ళు వస్తుందో డాక్టరు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. అత్త విని తలూపి, కొట్టు తెరిచే వేళయింది పదరా అంది. గడువు తెలిస్తే మనుషులు తొందరపడతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈమెను చూశాక అనిపిస్తోంది, కాలం ఎంత మిగిలిందో తెలియని మనలాంటివాళ్ళే దాన్ని అలకల మీద ఖర్చు పెట్టేస్తామని.