నాపరాతి గని వేలంపాట

ఇది రెండు వంశాల మహాయుద్ధం. తలలు తెగుతాయి, నెత్తురు పారుతుంది, పౌరుషం మిన్నంటుతుంది. అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ జరిగింది కోయిలకుంట్ల దగ్గర మా ఊరి నాపరాతి గని వేలంపాట.

గనిలో మంచి రాయి పడేదాకా ఊళ్లోని రెండు వర్గాలూ ఒకే టీకొట్టు బల్ల మీద కూర్చునేవి. రాయి పడిన ఏడాదే ఇద్దరు నాయకులకూ తాతల నాటి పగ గుర్తొచ్చింది.

మా చిన్నాయన ఆ గనిలో రాయి కొట్టేవాడు. సుత్తి పట్టే కుడిచెయ్యే ఆయన ఆస్తి. పాట తనకు దక్కితే మేస్త్రీని చేస్తానన్నాడు మా నాయకుడు. అందుకే వేలం రోజు పొద్దున చిన్నాయన నా బండి వెనక కూర్చున్నాడు. ఒళ్లో బకెట్, అందులో రంపపు పొట్టు, పొట్టులో నాటుబాంబులు.

"మెల్లగా పోరా, గుడ్లుండాయనుకో."

"గుడ్లయితే పగిలినా అట్టన్నా పోసుకుంటాం గదా చిన్నాయనా."

వంక దగ్గర అవతలివాళ్లు దారికి బండలు అడ్డం పెట్టారు. మా ముందు పోతున్న మా వర్గం బండివాడి మెడ మీద వేటకొడవలి పడింది. కిందపడ్డాక ఇంకో మూడు వేట్లు. చిన్నాయన బాంబు తీసి చెయ్యెత్తాడు. నేను బండి వెనక్కి తిప్పబోయాను. చక్రం గుంతలో దిగింది, బాంబు చేతిలోనే పేలింది. ఆ రోడ్డు కాంట్రాక్టు మా నాయకుడిదే.

బకెట్ ఎగిరి బురదలో దిగబడి పేలలేదు కాబట్టి ఇది రాయడానికి నేనున్నాను. పొగ తగ్గేసరికి నా చొక్కా మీద రెండు వేళ్లు. నావి కావు, చూసుకున్నాను.

"నా చెయ్యి యాడరా?"

"ఇంకోటి ఉండాది, దాంతో నన్ను గట్టిగా పట్టుకో."

నవ్వించాలని కాదు. బండి తియ్యాలి.

కర్నూలు ఆస్పత్రికి నాయకుడొచ్చాడు. "నువ్వు నా తమ్మునివప్పా. మేస్త్రీవి నువ్వే." చిన్నాయన కుట్లు విప్పేలోపే, కొట్లాడితే లారీలు కదలవని నాయకులిద్దరికీ అర్థమైంది. వాయిదా పడిన వేలంలో ఇద్దరూ కలిసి పాడుకున్నారు. రాజీ అన్నాక మా వైపు పద్ధతి ఒకటే. రెండు వర్గాల సాక్షులూ కోర్టులో "మాకేం తెల్దు సార్" అన్నారు. మెడ తెగినవాడి భార్య చేత కూడా అనిపించారు.

చిన్నాయన గనికి పోయి మా నాయకుణ్ణి మేస్త్రీ పని అడిగాడు.

"అది వాళ్లకిచ్చినాంలేప్పా, ఒప్పందం అట్లుండాది. చెయ్యి బాగైనాక రా, చూద్దాం."

చిన్నాయన ఖాళీ చొక్కాచేతి వంక చూసుకుని, సరే అని వచ్చేశాడు.

ఇప్పుడు వికలాంగుల పింఛను వస్తోంది. నెలనెలా మిషన్ మీద వేలు పెట్టాలి. ఎడమ బొటనవేలైనా తీసుకుంటుంది, తడి లేకుండా తుడుచుకోవాలంతే.