పీకినా మొలిచే తెల్లనూగు

డాక్టరు చదువు ముగించి శ్రీకాకుళంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చూపు మీద నాకు నమ్మకం ఎక్కువ. అరవయ్యో దశకం చివరి రోజులవి. ఒక ఉదయం పొందూరు నుంచి యాభై ఏళ్లావిడ వచ్చింది. ముక్కు పక్కన శనగగింజంత బొడిపె, దాని నడుమ నుంచి తెల్లటి నూగు. ఊళ్లో ఎవరో కేన్సరన్నారట. వెంట వచ్చిన కూతురు కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆవిడ నూలు వడుకుతుందని విని, బొడిపెలో దూది ఇరుక్కుందనుకున్నాను. పట్టకారుతో ఆ నూగు లాగేసి, "దూది చేరి వాచింది, అంతే. మందు రాసుకోండి" అన్నాను.

ఆవిడ ఆ పోగులు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది.

"దూది కాదు బాబూ. సిన్నప్పట్నుంచి పత్తి ఏకుతన్నాను, నాకు తెల్దా? దూదైతే నలిపితే ముద్దవుతాది. ఇవి జారిపోతన్నాయి. ఎంటికలివి. పీకితే పది రోజులకి మళ్లీ వస్తాయి, అన్నీ ఒక్క కన్నంలోంచే."

పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న మా పెద్ద డాక్టరుగారు కలం ఆపారు.

"ఆ మాట మళ్లీ చెప్పమ్మా."

చెప్పింది. ఆయన ఆవిణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశారు. ఎన్నాళ్లనుంచి ఉంది, పెరిగిందా, నొప్పి ఉందా అని అడిగారు. ఆరేళ్లయింది, పెరగలేదు, నొప్పి లేదు.

"వెంట్రుక కుదురులోంచి పుట్టే గడ్డ అనుకుంటాను. చాలా అరుదు. చదివానే గాని చూడ్డం ఇదే మొదలు. అదే అయితే ప్రాణానికి భయం లేదు. కాని నా ఊహ చాలదమ్మా, తీసి పరీక్షకి పంపుదాం."

మత్తు సూది వేసి తీశారు. ముక్కను మందునీళ్ల సీసాలో పెట్టి విశాఖపట్నం పంపాం. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది, తల్లీకూతుళ్లూ వచ్చారు. నడుమ ఒక పెద్ద కుదురు, దాని చుట్టూ చిన్న చిన్న కుదుళ్లు, వాటిలో సన్నని వెంట్రుకలు. కేన్సరు కాదు.

"నువ్వు చెప్పిందే వాళ్లూ రాశారమ్మా" అన్నారాయన.

కూతురు మళ్లీ ఏడ్చింది. "ఇప్పుడేటే ఏడుపు?" అని తల్లి ఆమె వీపు నిమిరింది.

వాళ్లు వెళ్లాక ఆయన కేసు కాగితం నా ముందుకు తోశారు. "ముందు ఆవిడ మాటలు రాయి. తర్వాత మన మాటలు." ఆయన గొంతులో కోపం లేదు. తల వంచుకుని రాశాను.

ఏడాది తర్వాత కూతురు తన పిల్లకు జ్వరమని వచ్చింది. అమ్మ ముఖం మీద గీతంత మచ్చే మిగిలిందనీ, ఆ నూగు మళ్లీ రాలేదనీ చెప్పింది.