ఒకటిన్నర మీటర్ల మంచం

ఖతర్‌లో కాగితాలు పట్టుకుని సైటులో నిలబడ్డ ప్రతివాణ్ణీ "ముహందిస్" అంటారు. ఇంజనీరు అని అర్థం. కొలతల టేపు పట్టుకున్నవాడూ ముహందిసే, దాని రెండో కొస పట్టుకున్నవాడూ ముహందిసే. పద్నాలుగేళ్ళు నన్నూ అలాగే పిలిచారు. ఆ పిలుపు ఆఫీసు గుమ్మం దాకానే చెల్లేది. లోపలికెళ్తే నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఇంకొకరి ఆలోచనకు గీతలు గీసేవాణ్ణి. నిన్నగాక మొన్న డిగ్రీతో దిగిన ఆర్కిటెక్టు టిష్యూ కాగితం మీద నాలుగు గీతలు గీకి, "భాయ్, కొంచెం నీట్‌గా చేసివ్వు" అనేవాడు. నేను దాన్ని ఇల్లు చేసిచ్చేవాణ్ణి. కింద వాడి పేరు పడేది.

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మాత్రం నేను ఎప్పుడో ఆర్కిటెక్టునైపోయాను. "మా ఆయన దుబాయ్‌ల పెద్ద పెద్ద బిల్డింగులకు ప్లాన్లు గీస్తడు" అని మా ఆవిడ చెప్పుకునేది. దుబాయ్ కాదు, ఖతర్ అని దిద్దితే, "రెండూ ఇసుకనే గదా" అనేది. ఆమె మాట నిజం చేసే దారి ఒకటుందని ముప్పై ఎనిమిదో ఏట నాకు తెలిసింది. కాలేజీకి పోనక్కర్లేదు. పనిచేస్తున్నచోటే ఉండి, ఏ పని ఎన్ని గంటలు చేశామో ఒక రికార్డు పుస్తకంలో రాసి, పై ఆర్కిటెక్టు చేత సంతకాలు పెట్టించుకోవాలి. చివర్న ముగ్గురు పరీక్షకులు ఇంటర్వ్యూ చేసి పట్టా ఇస్తారు. తప్పితే ఇంకో రెండేళ్ళు ఆగాలి. నలభై దాటాక కూడా ఇంకొకరి పేరు కోసం ఇళ్ళు గీస్తూ కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

ఆ పుస్తకానికి సంబంధించినంతవరకు నా గురువు మా సీనియర్ ఆర్కిటెక్టు, ఈజిప్టు ఆయన. మంచివాడే. చదివి సంతకం పెట్టమంటేనే చెడ్డవాడవుతాడు. ఎడమ చెవికి ఫోను, కుడి చేత్తో సంతకం. "హబీబీ, నువ్వు రాశావంటే చేసే ఉంటావు" అనేవాడు. చూద్దామని ఒకసారి ఒకే రోజుకు ఇరవై ఆరు గంటల పని రాశాను. దానికీ పెట్టాడు. పైగా, బాగా కష్టపడుతున్నావని భుజం తట్టాడు. సిగ్గేసి ఆ పేజీ నేనే చించేశాను.

ఆ రోజుల్లోనే ఒంటెల పందాలు జరిగే అల్ షహానియా వైపు ఒక విల్లా వచ్చింది. గీత నాది, పేరు గురువుగారిది. ఇంటి యజమానికి మజ్లిస్, అంటే మగ అతిథులు కూర్చునే హాలు, ప్రతి మీటింగులోనూ చిన్నదిగా కనిపించేది. అది ఒక అడుగు పెరిగినప్పుడల్లా దాని వెనకున్నవన్నీ ఒక అడుగు జరిగేవి. హాలు వంటింటిని తోసింది, వంటిల్లు ఫ్రీజర్ల గదిని తోసింది, ఫ్రీజర్లు డ్రైవర్ గదిని తోశాయి. డ్రైవర్ గది వెనక ప్రహరీ గోడ. అది ఎవర్ని తోస్తుంది పాపం!

చివరికి ఆ గది పొడవు రెండు మీటర్ల పైన చిల్లర మిగిలింది. గోడల మందం కూడా కలుపుకుని వైశాల్యం రూలుకు సరిపోయిందని లెక్క తేల్చాం. ఒక్కటే చిక్కు వచ్చింది. మంచం బొమ్మ పెడితే, లోపలికి తెరుచుకునే తలుపు పోయి దానికి కొట్టుకుంటోంది. "సర్దెయ్, యల్లా" అని తొందరపెట్టాడు గురువుగారు. సర్దాను. కంప్యూటర్‌లో ఆ మంచాన్ని పట్టుకుని ముప్పావు వంతుకు కుదించాను. రెండు మీటర్ల మంచం ఒకటిన్నర మీటర్లయింది. తలుపు హాయిగా తెరుచుకుంది. దిండు కూడా మంచంతో పాటే ముద్దుగా చిన్నదైంది. డ్రాయింగు మీద ఇంకో ముగ్గురు చెక్ చేసినట్టు సంతకాలు పెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. రికార్డు పుస్తకంలో నేను "తక్కువ స్థలంలో మెరుగైన పరిష్కారం, పన్నెండు గంటలు" అని రాసుకున్నాను. పట్టింది పన్నెండు సెకన్లు.

ఆ పుస్తకంలో చివరి షరతు ఒకటుంది. కట్టిన ఇంటికి ఏడాది తర్వాత వెళ్ళి, ఎలా ఉందని అందులో ఉండేవాళ్ళను అడగాలి. వెళ్ళాను. యజమాని మర్యాదగా మజ్లిస్‌లో కూర్చోబెట్టి ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఇచ్చాడు. "అంతా బాగుంది. ఈ హాలే కొంచెం పెద్దదైపోయిందేమో" అన్నాడు. ఆ మాట రాసుకుని, మొహం మామూలుగా పెట్టుకుని వెనక వైపు వెళ్ళాను.

డ్రైవర్ గదికి తలుపు లేదు. ఊడదీసి ప్రహరీకి ఆనించారు. గుమ్మానికి ఒక దుప్పటి వేలాడుతోంది. నేను ఫోన్లో మా ఆఫీసులో ఉన్న తెలుగతనితో మాట్లాడటం విని, దుప్పటి తప్పించుకుని ఒక పొడుగాటి మనిషి బయటికొచ్చాడు.

"తెలుగోల్లేనా సార్? మాది రాయచోటి కాడ. ఈ ఇంట్లో డ్రైవర్ని."

"అన్నా, తలుపేమైంది?"

"తలుపుంటే మంచం పట్టదు సార్, మంచముంటే తలుపు తెరుసుకోదు. ఏసీ సల్లదనమంతా బయట ఒంటెలకే పోతాంది. ఈ గది గీసినోడెవుడో గాని, మనిషి మోకాళ్ళ కాడికే అయిపోతాడనుకున్యాడు."

"ఎవరో ఏమో అన్నా" అన్నాను. అనేసి, అతను చేసిచ్చిన టీ కూడా తాగాను. అల్ మన్సూరాలో నా గదికి తిరిగొచ్చేదాకా నా మీద నాకే అసహ్యంగా ఉంది. రాగానే పుస్తకంలో ఆ పర్యటనకు ఆరు గంటలు వేసుకున్నాను.

ఇంటర్వ్యూ వీడియో కాల్లో జరిగింది. పైన చొక్కా, టై, కింద లుంగీ. "మీ పనిలో మీరు చేసిన ఒక తప్పు చెప్పండి" అన్నారు. దీనికి గురువుగారు ముందే జవాబు నేర్పారు. ఇంకొకడి తప్పు నేను పట్టుకున్నానని చెప్పాలట. నోరు తెరిచేసరికి మంచం సంగతి వచ్చింది. కుదించడం, దుప్పటి, ఒంటెలు, అన్నీ చెప్పాను. మనసు తేలికపడింది. ఇలాంటివి చెబితే మార్కులు పడతాయని కూడా ఎక్కడో ఒక మూల లెక్క ఉంది, దాచడమెందుకు. పరీక్షకుల్లో ఒకావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంత నిజాయితీ అరుదన్నారు. తర్వాత ఆ గదికి ఏం చేశారని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. అడగనందుకు వాళ్ళకు లోలోపల దండం పెట్టుకున్నాను.

పాసయ్యాను. ఆఫీసులో కేకు కోశారు. మా ఆవిడ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, ఎప్పుడో అయిపోయినవాణ్ణి మళ్ళీ అయ్యానని ఎలా చెప్పాలో తెలియక. నేను మాత్రం నా కేకు ముక్క పక్కన పెట్టేశాను. శుక్రవారం స్వీట్ల డబ్బా పట్టుకుని అల్ షహానియా వెళ్ళాను.

"అన్నా, ఆ గది గీసింది నేనే" అన్నాను.

అతను నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మీరా సార్? మీరు గూడా పొడుగే గదా" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

స్వీట్ల డబ్బా అందుకుని అన్నాడు. "తలుపు బయటికి తెరుసుకునేటట్టు పెట్టింటే సాలు గదా సార్? మా సేట్‌ని అడిగినా. డ్రాయింగులో లోపలికే ఉండాది, మార్చాలంటే ఆర్కిటెక్టును అడగాలన్యాడు. ఆర్కిటెక్టును నేను యాడ పట్టుకునేది?"

ఈ ఉపాయం నాకూ, గురువుగారికీ, చెక్ చేసిన ముగ్గురికీ, పరీక్షించిన ముగ్గురికీ తట్టలేదు. మంచాన్ని కుదించడం తట్టింది.

తిన్నగా మజ్లిస్‌లోకి వెళ్ళి, ఆర్కిటెక్టుగా చెబుతున్నాను, తలుపు తిప్పి పెట్టాలి అన్నాను. యజమాని సరేనన్నాడు. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మరుసటి శుక్రవారం మా సైటు వడ్రంగిని తీసుకెళ్ళాను. గంటన్నరలో తలుపు బయటికి తెరుచుకుంది.

డ్రైవర్ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. చాలాసేపు రాలేదు. పిలిచాను.

"ఉండండి సార్" అన్నాడు లోపల్నించి. "కాళ్ళు సాపుకున్యా."