సాయిలు మొదటి మాట

మా పక్కింట్లోకి ఈ మధ్యనే ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇంటావిడ బీడీలు చేస్తుంది. పొద్దున్నే నేను వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే గోడ అవతలి నుంచి, తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన వస్తుంది. వాన వెలిసిన అడవి వాసన, ఆరకుండా మడతపెట్టిన బట్టల వాసన, వాటి మీద గొంతు గరగరలాడించే తంబాకు ఘాటు. ఆ వాసనకు నాకు చిన్నతనం గుర్తొస్తుందని చెబితే విన్నవాళ్ళు మురిసిపోయి, ఎంత అదృష్టమో అంటారు. నాకు వచ్చేది చిరాకు. అరవై ఏళ్ళ కిందటే తీరవలసింది, తీరనిది.

నిజామాబాద్‌లో మాది ఒకే గది ఇల్లు, ముందు చిన్న అరుగు. వానాకాలమంతా ఆ గదిలో ఆకు చెమ్మ గోడలకు ఎక్కేది. చలికాలం వెనకపట్టున పసుపు బండ్లు గంజి బజారుకు పోతుంటే వీధి వీధంతా ఉడికిన పసుపు వాసనతో మత్తుగా ఉండేది. ఎండాకాలం ఆకు పెళుసెక్కి చేతిలోనే చిట్లిపోతుంటే మా అవ్వ దాని మీద నీళ్ళు చిలకరిస్తూ, విసుక్కుంటూ, మళ్ళీ చిలకరిస్తూ ఉండేది. మేము తల్లిని అవ్వ అనే పిలిచేవాళ్ళం. కాలం ఏదైనా ఆమె కూర్చునే చోటు ఒకటే, గడప పక్కన, వెలుతురు పడే మూల. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తెర, దారపు ఉండ. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఆమె చేతులు ఆడుతూనే ఉండేవి, నోరు మాత్రం కదిలేది కాదు. మాట్లాడితే చెయ్యి నెమ్మదిస్తుందని, చుట్టు వదులవుతుందని, వదులు బీడీని కార్ఖానాలో విరిచి పారేస్తారని ఆమె భయం. బాపు దీపావళి దాటగానే చెరుకు కొట్టడానికి బోధన్ దిక్కు పోయి ఉగాదికి తిరిగివచ్చేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా గోడకు ఆనుకుని, అరచేతుల బొబ్బలు చూసుకుంటూ ఊరకే కూర్చునేవాడు. కాబట్టి మా ఇంట్లో మాట అనేది అవసరానికి వాడుకునే వస్తువు. అన్నం పెట్టు, నీళ్ళు తే, తలుపు వెయ్యి. అంతే.

నాకు అయిదేళ్ళప్పుడు ఆ నిశ్శబ్దంలోకి తమ్ముడు సాయిలు పుట్టాడు. పుట్టి నా చంకెక్కాడు. మా వీధి ఆడపిల్లలు అరుగుల మీద గచ్చకాయలు ఎగరేస్తుంటే, చింతగింజలతో ఓనగుంటలు ఆడుతుంటే, నేను నడుము ఒక పక్కకు వంచుకుని నిలబడి చూసేదాన్ని. బతుకమ్మ పండుగ నాడు అందరూ కొత్త గౌన్లు వేసుకుని చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నాకు ఒక చెయ్యి వాడి కింద ఉండేది కనుక చప్పట్లు కొట్టే వీలే లేదు. సద్దుల రోజు పక్కవాళ్ళు పెట్టిన మలీదముద్దలో సగం వాడి నోట్లో, పావు నా జాకెట్టు మీద. ఆ రోజుల్లో నాకు ఒకటే కోరిక, వీణ్ని ఎవరైనా నా మీంచి దించాలి.

దించారు. ఏడేళ్ళు నిండగానే బాపు నన్ను బడిలో వేశాడు. ఎందుకు వేశాడో, ఎవరు చెబితే వేశాడో అప్పుడు నాకు తెలియదు. మొదటిరోజు బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సాయిలు మంచం కోడు దగ్గర కూర్చుని ఉన్నాడు. అవ్వ పాతచీర చింపి పేలిక చేసి, ఒక కొస వాడి నడుముకు, ఒక కొస మంచం కోడుకు కట్టింది. కత్తెర అందకుండా, తంబాకు నోట్లో పెట్టుకోకుండా, వీధిలో బండ్ల కిందికి పోకుండా. మూడడుగులు ఇటు, మూడడుగులు అటు. ఆ తరువాత రెండేళ్ళూ, నేను బడికి పోయినంతసేపూ వాడి లోకం అంతే. ఏడ్చేవాడు కూడా కాదు. కొన్నాళ్ళు ఏడ్చి, ఎవరూ చెయ్యి ఆపకపోయేసరికి మానేశాడు.

మూడేళ్ళు నిండాయి, నాలుగు వచ్చాయి, వాడు ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే చెంబు చూపేవాడు, ఆకలైతే నా లంగా లాగేవాడు. వీధి పిల్లలు మూగోడు అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు వచ్చి కూర్చుని తలా ఒక వైద్యం చెప్పిపోయారు. చిలక కొరికిన జామపండు తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో అనగా, ఎన్నడూ పని వదలని అవ్వ ఒక పూటంతా వదిలి ఊరిబయటి జామతోటకు పోయి, చెట్టు చెట్టూ వెదికి, సగం కొరికిన పండొకటి కొంగున కట్టుకొచ్చింది. ఇప్పటికీ నా తల బద్దలయ్యేది అక్కడే. ఆ పూటంతా వాణ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉంటే? కానీ అది మందు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. జామపండు మందని చెప్పారు.

నేను మాత్రం ఊరుకున్నానా? బడి నుంచి రాగానే పంతులమ్మనయ్యేదాన్ని. పలక వాడి ముందు పెట్టి గద్దించేదాన్ని.

"అను. అ అను. నోరు తెరువురా, అ!"

వాడు నా నోటి వైపు కళ్ళార్పకుండా చూసేవాడు. ఒకరోజు నెమ్మదిగా వేలు చాచి నా నోట్లో పెట్టాడు, మాట లోపల ఎక్కడో దాచి ఉందని, తీసుకుందామని. నాకు ఒళ్ళు మండి చెంప మీద కొట్టాను. అవ్వ తల ఎత్తింది, నా వైపు చూసింది, మళ్ళీ ఆకు అందుకుంది.

నేను మూడో తరగతిలో ఉండగా కార్ఖానావాళ్ళు ఆకు ఇవ్వడం ఆపేశారు. ఆకు లేకపోతే పని లేదు. దాంతో ఆ ఏడు బాపు వెంట మేమందరం బోధన్ పోయాం. నా బడి పోయింది. ఎక్కాలు పన్నెండో దాకా వచ్చి ఆగిపోయాయి. దారి పొడుగునా బండిలో మూతి ముడుచుకునే కూర్చున్నాను.

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో, కాలవ పక్కన చెరుకుతోట అంచుకు చెరుకాకుతోనే వేసిన గుడిసెలు పది దాకా ఉండేవి. పొద్దున ఆకుల మీది మంచు బట్టలు తడిపేది. పగలు కోసిన గడల తీపి గాలికి ఈగలు ముసిరేవి. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన తెరలు తెరలుగా వచ్చి అన్నంలో, నీళ్ళలో, నిద్రలో కూడా కలిసేది. గడల బండ్లు రోడ్డు మీద బారులు తీరి, ఎద్దులు నెమరేస్తూ గంటలు గంటలు నిలబడేవి. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నూరిన కారం. నోటి మంట తగ్గడానికి ఒక చెరుకు ముక్క. అంత తీపి మధ్య బతుకుతూ మేము చక్కెర వేసిన చాయ్ తాగింది తక్కువే.

మా పక్క గుడిసెలో శాంతాబాయి ఉండేది. నాందేడ్ దిక్కు నుంచి చెరుకు కొట్టడానికి వచ్చిన మరాఠీ ఆమె. తన ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. అందుకేనో ఏమో, చేతిలో కొడవలి ఆడుతున్నంతసేపూ ఆమె నోరు ఆగేది కాదు. గడతో మాట్లాడేది, ఎద్దుతో మాట్లాడేది, కనబడని తన పిల్లలతో మాట్లాడేది. సాయిలు కనబడ్డాక వాడితో మొదలుపెట్టింది.

"హే బఘ్, బైల్ ఆలా!" ఇదిగో చూడు, ఎద్దు వచ్చింది అని. "ఘే రే బాళా, ఊస్ ఖా." తీసుకో నాయనా, చెరుకు తిను అని.

వీడు మూగవాడని మేము చెప్పాం. ఆమెకు తెలుగు సరిగ్గా రాదు, అర్థం కాలేదో, అయినా లక్ష్యపెట్టలేదో. వాడు జవాబు ఇచ్చినట్టే తలూపేది, నవ్వేది, మళ్ళీ అడిగేది. చెరుకాకు ఒలిచేటప్పుడు వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్క ఆకు చేతికిచ్చేది. నేను పక్కన కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. రెండేళ్ళు తెలుగులో మొత్తుకుంటే వినని చెవికి మరాఠీ ఎక్కుతుందా?

గడలు కొట్టే చోట కొడవళ్ళు అడ్డదిడ్డంగా పడి ఉంటాయని అవ్వ అక్కడ కూడా వాణ్ని బండి చక్రానికి కట్టేసేది. సంక్రాంతి దాటాక ఒక పొద్దున, ఎప్పటిలాగే పేలిక తీసి వాడి నడుము చుట్టూ తిప్పబోయింది. వాడు రెండు చేతులతో ఆ పేలిక పట్టుకున్నాడు. అవ్వ ముఖంలోకి చూశాడు.

"నకో" అన్నాడు.

చిన్నగా అన్నాడు, కానీ స్పష్టంగా. అవ్వ చెయ్యి గాలిలో ఆగింది.

"ఏమన్నడే వాడు?" అని నన్ను అడిగింది.

"వద్దు అన్నడవ్వా. మరాఠీల."

"వద్దన్నడా?"

"నకో!" అని వాడు ఈసారి గట్టిగా అరిచాడు. అరిచి, తన గొంతుకు తానే బెదిరినట్టు చుట్టూ చూశాడు.

అవ్వ చక్రం పక్కనే నేల మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ ఒకే ముఖం మీద చూశాను. శాంతాబాయి కొడవలి పారేసి పరుగున వచ్చింది. వాణ్ని ఎత్తి రెండు చుట్లు తిప్పి, తన భాషలో ఏదేదో అంటూ, తెలిసిన నాలుగు తెలుగు ముక్కలతో అవ్వను నిలేసింది.

"మాట్లాడు బాయీ, నువ్వు! పిల్ల ఎవరికి చూసి నేర్చే?"

అవ్వ సిగ్గుపడింది. ఎవరో తన ఒంటి మీది చిరుగు చూపినట్టు కొంగు దగ్గరకు లాక్కుంది. "ఏం మాట్లాడాలె?" అంది మెల్లగా. "నాకేం దెలుసు మాట్లాడనీకి?"

నేను సంతోషించానని చెప్పాలి. లేదు, నాకు ఒళ్ళంతా కోపం. నాలుగేళ్ళు చంకనేసుకు మోసింది నేను, చెంప మీద కొట్టినందుకు తరువాత దొంగతనంగా ఏడ్చింది నేను, మాట మాత్రం పరాయి ఆమెకు దక్కింది. ఆ పూట నేను రొట్టె తినలేదు.

ఉగాదికి ఇంటికి తిరిగి వచ్చాం. ఆకు మళ్ళీ ఇస్తున్నారు. అవ్వ ఆ పేలికను గిన్నెలు దించే మసిగుడ్డ చేసింది. నేను మళ్ళీ బడికి బయలుదేరుతూ భయం భయంగా అడిగాను.

"వీడేం జేస్తడవ్వా? కట్టెయ్యవా?"

"నువ్ పో బిడ్డా. నేను సూసుకుంట."

సాయంత్రం వచ్చేసరికి గుమ్మం బయటికే అవ్వ గొంతు వినబడింది. ఏం మాట్లాడాలో తెలియక, చేస్తున్న పనే వాడికి చెబుతోంది. "గిది ఆకు. గిది తంబాకు. గిట్ల జుట్టాలె. గిది దారం. కత్తెరతోని ఆట గాదు, తెగుతది." వాడు చాట అవతల కూర్చుని ఒక్కొక్కటే తిరిగి అంటున్నాడు. ఆమె చెయ్యి నెమ్మదించింది. కొన్నాళ్ళు కార్ఖానాలో ఆమె బీడీలు ఎక్కువగానే విరిచారు. ఇంటికి వచ్చి ఏమీ అనేది కాదు, మర్నాడు మళ్ళీ మాట్లాడేది.

ఆరేళ్ళకు వాణ్ని నా బడిలోనే వేశారు. మూడో రోజు పంతులు అక్షరానికొక మాట చెప్పమన్నాడు. ఆ అంటే ఆకు అన్నాడు వీడు. క అంటే కత్తెర. త అంటే ఏందిరా అనగానే, తంబాకు అన్నాడు గర్వంగా. తరగతి గొల్లుమంది. పంతులు బెత్తం తీశాడు. పక్క వరండాలో అయిదో తరగతి లెక్కలు చేస్తున్న నేను ఎలా లేచానో, ఎలా అక్కడికి పోయానో నాకు తెలియదు.

"వాడు తప్పు జెప్పలే సార్. తంబాకు త తోనే ఉన్నది."

పంతులు ఇద్దర్నీ ఎండలో నిలబెట్టాడు. నిలబడినంతసేపూ సాయిలు కాకి గురించి, గంట గురించి, పంతులు ధోవతి గురించి ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నోరు మూసుకోరా అని నేను మొదటిసారి వాణ్ని తిట్టింది ఆ రోజే.

నేను చదివి, పెరిగి, బాల్వాడీ టీచర్నయ్యాను. బీడీలు చేసే తల్లుల్ని కూర్చోబెట్టి, పిల్లలతో మాట్లాడండి, కట్టేయకండి, మీ నిర్లక్ష్యం వల్ల వాళ్ళ చదువు పోతుంది అని గొంతు చించుకునేదాన్ని. ఒకసారి అలా అరిచి అలసి ఇంటికి వచ్చి, ఆ ఊపులోనే అవ్వ మీద పడ్డాను.

"ఎందుకు గట్టేసినవ్ అవ్వా వాన్ని? రెండేండ్లు! పసిపిల్లగాన్ని!"

అప్పటికి ఆమెకు చూపు తగ్గింది. బియ్యంలో రాళ్ళు చేత్తో తడిమి ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది.

"కట్టకపోతే నువ్ బడికెట్ల పోతుంటివే?"

అది దెప్పిపొడుపు కాదు. అడిగావు కనుక చెబుతున్నాను అన్నట్టే అంది. నన్ను బడిలో వెయ్యమని బాపుతో పోట్లాడింది తనేనని కూడా అప్పుడే చెప్పింది. మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. మర్నాడు తల్లుల ముందు నిలబడి, నిర్లక్ష్యం అనే మాట తీసేసి మొదలుపెట్టాను.

అవ్వ పోయింది, బాపు అంతకు ముందే పోయాడు. శాంతాబాయి మరుసటి ఏడు రాలేదు, ఆమె ఊరి పేరు మేము అడగనే లేదు. పోయిన నెల సాయిలు కారులో వర్ని పోతూ దారిలో ఆపించాను. చెరుకు లేదు, కాలవ రెండు పక్కలా వరి. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయింది. బండ్ల బారులు లేవు, మడ్డి వాసన లేదు, గుడిసెలుండే చోట ఎవరిదో ధాన్యం ఆరబోసే కళ్ళం. ఇక్కడే నీకు మాట వచ్చిందిరా అని చూపించాను. మంచం కోడు, బండి చక్రం, నకో, అన్నీ చెప్పాను.

వాడు విని విని పెద్దగా నవ్వాడు. "నన్నెవరు గట్టేసిండ్రే? నాకేం యాదికి లేదక్కా. నువ్వే కథ అల్లినవ్."

వాడికి ఏమీ గుర్తు లేదు. కట్టు గుర్తు లేదు, విప్పిన చేతులు గుర్తు లేవు, నేను కొట్టిన దెబ్బ కూడా గుర్తు లేదు. కారు ఎక్కి వర్ని చేరేదాకా, ధాన్యం రేటు గురించి, కొడుకు కట్టే ఇంటి గురించి, రోడ్డు గుంతల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఒక్క మాట కూడా వినిపించుకోకుండా, ఆపమని కూడా అనకుండా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.